ఆదేశం బెజవాడలో, ఓటీపీ లంక ఊళ్లో

మండల విద్యా వనరుల కేంద్రాన్ని టీచర్లెవరూ ఆ పేరుతో పిలవరు. ఎమ్మార్సీ అంటారు. మెట్టన ద్వారకా తిరుమలలో చూసినా, కొల్లేటి ఒడ్డున కైకలూరులో చూసినా దాని వాలకం దాదాపు ఒకటే. పాఠ్యపుస్తకాల కట్టలు, యూనిఫాం గుడ్డల మూటలు, ఓ మూల కంప్యూటరు, దాని ముందు ఎంఐఎస్ కోఆర్డినేటరు. మండలంలో ఏ బడిలో ఎందరు పిల్లలున్నారు, ఎవరి ఆధార్ కలవలేదు, ఏ హెచ్ఎం లాగిన్ తెరుచుకోవడం లేదు అన్నవన్నీ తేలేది ఆ కుర్చీ దగ్గరే. యాప్ మొరాయిస్తే టీచరు మొదట ఫోన్ చేసేదీ ఆయనకే. ఆయన సమగ్ర శిక్షా పథకం కింద పనిచేసే కాంట్రాక్టు ఉద్యోగి. యాప్ ఎలా ఉండాలో ఆయన్నెవరూ అడగరు, పనిచేయకపోతే మాత్రం అందరూ అడుగుతారు.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడి బడుల పాలన స్కూల్ డిస్ట్రిక్టుల చేతిలో ఉంటుంది. కాస్త పెద్ద డిస్ట్రిక్టుకు ప్రధాన సాంకేతిక అధికారి ఒకరుంటారు. ఏ పరికరం కొనాలి, నెట్ ఎటునుంచి తేవాలి, టీచర్లకు శిక్షణ ఎప్పుడివ్వాలి అని సూపరింటెండెంటుకు సలహా చెప్పేది, తేడా వస్తే సంజాయిషీ ఇచ్చుకునేది ఆ మనిషే. మన జిల్లాల్లో ఆ కుర్చీ లేదు. జిల్లా విద్యాశాఖాధికారి (డీఈవో) ఉన్నారు, సమగ్ర శిక్షా అదనపు ప్రాజెక్టు కోఆర్డినేటరు ఉన్నారు, మండలానికి విద్యాధికారి (ఎంఈవో) ఉన్నారు. వీళ్లలో ఏ ఒక్కరూ సాంకేతిక నిర్ణయం తీసుకోవలసిన పనిలేదు. రాజధానిలో తీసుకున్న నిర్ణయం అమలైందని పైకి రాస్తే చాలు. ఆన్‌లైన్ చదువు ఎందుకు అందలేదంటే ఫోన్లు లేవు, సిగ్నల్ లేదు అని తేల్చేయడం మామూలైపోయింది. అది అబద్ధం కాదు, కానీ సగమే. రాజధానికీ తరగతి గదికీ నడుమ ఆలోచించే మెట్టు లేకపోవడం మిగతా సగం. ఏలూరు ప్రాంతంలో అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడి నేల ఒక్క తీరున ఉండదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో ఏలూరు వేరే జిల్లా అయ్యింది. ఒక కొసన కొల్లేరు లంకలు, రెండో కొసన 2014లో ఖమ్మం నుంచి వచ్చి చేరిన కుక్కునూరు, వేలేరుపాడు ఏజెన్సీ అడవులు. మధ్యలో ద్వారకా తిరుమల చిన వెంకన్న కొండ చుట్టూ ఆయిల్‌పామ్, నిమ్మ, కోకో తోటల మెట్ట. కొల్లేటిలో కుటుంబ పెద్ద చేపల చెరువు గట్టు మీద పాక వేసుకుని రాత్రీపగలూ కాపలా కాస్తాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయనతోపాటే గట్టు మీద ఉంటుంది. మెట్టన తల్లిదండ్రులిద్దరూ తెల్లారేసరికి తోటలకు పోతారు, ఫోనూ వాళ్లతోనే పోతుంది. వేలేరుపాడులో ఫోను చేతిలో ఉన్నా టవరు కోసం గుట్టెక్కాల్సిన పల్లెలున్నాయి. మూడు చోట్లా ఫలితం ఒకటే గానీ కారణాలు మూడు. మందు కూడా మూడు రకాలుగా ఉండాలి. ఆ తేడా తెలిసినవాడు ఎమ్మార్సీలో ఉన్నాడు, ఉత్తర్వు రాసేవాడు బెజవాడలో ఉన్నాడు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఏప్రిల్‌లో దూరదర్శన్ సప్తగిరి చానల్‌లో పదో తరగతి పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. ఆ కార్యక్రమానికి ‘విద్యామృతం’ అని పేరు. వాయిదాపడిన పబ్లిక్ పరీక్ష కోసం పెట్టిన పాఠాలవి; జూన్ 20న ఆ పరీక్షే రద్దయింది. వేసవి దాటినా బడులు తెరవలేదు. అప్పుడు ప్రత్యామ్నాయ క్యాలెండరు పేరుతో రాష్ట్ర విద్యాశాఖ పిల్లలను మూడు వర్గాలు చేసింది. నెట్ ఉన్న ఫోనో కంప్యూటరో ఇంట్లో ఉంటే హైటెక్. టీవీ, రేడియో వరకే ఉంటే లోటెక్. రెండూ లేకపోతే నోటెక్. ఆ మూడో వర్గం కోసం ‘విద్యావారధి’ పేరుతో జిల్లాల్లో వ్యాన్లు తిప్పారు, పల్లె కూడలిలో ఆగి తెర మీద పాఠం చూపించడానికి.

ఆలోచనగా చూస్తే ఇది తీసిపారేయదగ్గది కాదు. లేనివాళ్లున్నారని కాగితం మీదైనా ఒప్పుకున్నారు. చిక్కంతా ఆ వర్గాలను ఎవరు, ఎట్లా లెక్కగట్టాలన్న దగ్గర వచ్చింది. క్లాసు టీచరు ఒక్కో ఇంటికి ఫోన్ చేసి అడిగి నమోదు చేయాలి. “ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా?” అంటే ఉందనే చెబుతారు. అది పగలు ఎవరి జేబులో ఉంటుంది, ఈ నెల రీచార్జ్ చేయించారా, ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ఎవరి వంతు ఎప్పుడు అన్న గడులు నమూనాలో లేవు. చెరువు గట్టు మీద ఉన్న ఫోను కూడా లెక్కలో హైటెక్కే.

అసర్ సంస్థ 2020 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా గ్రామాల్లో ఫోన్ సర్వే చేసింది. బడిలో పేరున్న పిల్లల ఇళ్లలో 61.8 శాతానికి స్మార్ట్‌ఫోన్ ఉందని తేలింది, 2018లో అది 36.5 శాతమే. రెండేళ్లలో ఇంత పెరగడం చిన్న విషయం కాదు. అయినా సర్వేకు ముందు వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠ్య సామగ్రి అందిన పిల్లలు సుమారు మూడో వంతే. అందినవాళ్లకు ఎక్కువగా అందింది వాట్సాప్‌లో. అంటే ఫోను ఉన్న ఇళ్లలో కూడా చాలా చోట్లకు పాఠం చేరలేదు. ఈ రెండు అంకెల మధ్య ఖాళీయే ఈ వ్యాసానికి అసలు విషయం.

ఆ ఖాళీలో దొరికిన దారి వాట్సాప్. దాన్ని ఏ ఉత్తర్వూ కనిపెట్టలేదు. టీచరు తెల్ల కాగితం మీద లెక్క చేసి ఫొటో తీసి గ్రూపులో పెడతారు, పిల్ల నోటుపుస్తకంలో చేసి తిరిగి ఫొటో పంపుతుంది. తండ్రి చెరువు మీది నుంచి రాత్రి వచ్చాక ఆ ఫొటోలన్నీ ఒక్కసారి డౌన్‌లోడ్ అవుతాయి, పిల్ల అప్పుడు కూచుని రాస్తుంది. టీచరు మర్నాడు పొద్దున్న దిద్దుతారు. ప్రత్యక్ష తరగతి కాదు కాబట్టి దీన్ని ఆన్‌లైన్ బోధన అనడానికి చాలామంది ఒప్పుకోరు. కానీ కొల్లేటి ఇంటి వేళలకు సరిపోయిన పద్ధతి ఇదొక్కటే. జిల్లాలో సాంకేతిక నాయకత్వమంటూ ఒకటి ఉంటే చేయాల్సింది దీన్ని గమనించి, మెట్టకీ ఏజెన్సీకీ తగ్గట్టు మలిచి, మిగతా బడులకు చెప్పడం. అది జరగలేదు. ఎవరికి వారు కనిపెట్టారు, ఎవరి గ్రూపులో వారిది ఉండిపోయింది.

అదే దేశంలో, అదే జూన్‌లో కేరళ ఎట్లా నడిచిందో చూస్తే తేడా అర్థమవుతుంది. 2020 జూన్ 1న విక్టర్స్ చానల్‌లో ‘ఫస్ట్ బెల్’ పాఠాలు మొదలయ్యాయి. అవీ టీవీ పాఠాలే, సప్తగిరిలో వచ్చినట్టే. అక్కడ కూడా టీవీ లేని ఇళ్లున్నాయి, దుఃఖాలున్నాయి. అయితే కేరళ 2001లోనే ఐటీ ఎట్ స్కూల్ అనే ప్రాజెక్టు పెట్టుకుంది. 2017లో అది కైట్ అనే ప్రభుత్వ సంస్థ అయింది. ప్రతి జిల్లాలో దానికి కార్యాలయం, టీచర్ల నుంచే ఎంచుకున్న మాస్టర్ ట్రైనర్లు, ప్రతి హైస్కూల్లో ఐటీ బాధ్యత చూసే టీచరు ఉంటారు. 2018 నుంచి ‘లిటిల్ కైట్స్’ పేరుతో పిల్లల క్లబ్బులు కూడా పెట్టారు. బడిలోని పరికరాలు చూసుకోవడంలో పిల్లలూ చేయి కలుపుతారు. టీవీలో పాఠం వచ్చాక దాన్ని అందుకుని పిల్లలతో మాట్లాడే మనుషుల వరస అక్కడ అప్పటికే ఇరవయ్యేళ్లుగా తయారై ఉంది. మనకు చానల్ ఉంది, వరస లేదు.

ఒకప్పుడు తెలుగునాట ఆ వరస ఉన్న దాఖలా ఉండటం విచిత్రం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే టీవీ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించారు. కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ వైపు ఊళ్లకు తెలుగులో వచ్చాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. సెట్లు ఊళ్లకు పంపేటప్పుడే వాటిని బాగుచేసే ఉపకేంద్రాలనూ ఇస్రో ఏర్పాటు చేసింది. పెట్టెతో పాటే మెకానిక్కు కూడా వచ్చాడన్నమాట. ఆ తర్వాత ‘మన టీవీ’ చానల్ వచ్చింది, 2004లో ఎడ్యుసాట్ వచ్చింది, 2017లో దీక్షా పోర్టల్ వచ్చింది. ప్రతి దఫాలో పెట్టె మెరుగైంది, మెకానిక్కే కనిపించకుండా పోయాడు.

బడులు 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులతో మొదలై విడతలుగా తెరుచుకున్నాయి, 2021 ఏప్రిల్‌లో మళ్లీ మూతపడ్డాయి, ఆగస్టు 16న తెరుచుకున్నాయి. ప్రభుత్వం కోవిడ్ నుంచి నేర్చుకున్న పాఠం పరికరమివ్వాలన్నదే. 2022 జూన్‌లో ఆన్‌లైన్ పాఠాల సంస్థ బైజూస్‌తో ఒప్పందం కుదిరింది. అదే ఏడాది డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు కలిపి 5.18 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది, మరుసటి ఏడాది అదే తేదీన ఇంకో 4.34 లక్షలు. ఇందులో ఒక తెలివైన ఆలోచన ఉంది: పాఠాలను మెమరీ కార్డులో ముందే ఎక్కించి ఇచ్చారు, నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. వేలేరుపాడు గుట్టల్ని తలుచుకుని చేశారా అనిపించేంత సరైన పని. కానీ ఆ పాఠాల్లో ఏవి తమ పిల్లలకు పనికొస్తాయో, ఏ వారం ఏది చూపాలో మార్చుకునే వీలు జిల్లాకు లేదు. రాష్ట్రమంతటికీ ఒకే కార్డు.

పరికరాన్నీ పాఠాన్నీ ఒకే ముడి వేసి కొనడంలో ఉన్న ప్రమాదం అంతకు తొమ్మిదేళ్ల ముందే లాస్ ఏంజెలెస్‌లో బయటపడింది. అమెరికాలో రెండో పెద్ద స్కూల్ డిస్ట్రిక్టు అది. ప్రతి విద్యార్థికీ ఐప్యాడ్, అందులో పియర్సన్ సంస్థ పాఠ్యాంశాలు. మొత్తం ప్రణాళిక సుమారు 130 కోట్ల డాలర్లది. 2013 శరదృతువులో పంచిన కొద్ది రోజులకే ఒక హైస్కూల్ పిల్లలు అడ్డుకట్టలు తప్పించి తమకు నచ్చిన సైట్లు చూసుకున్నారు. పాఠ్యాంశాలు పూర్తిగా తయారు కాలేదు. కొనుగోలు తీరుపై ప్రశ్నలు లేచాయి. 2014 ఆగస్టులో ఒప్పందం ఆగిపోయింది, అక్టోబరులో సూపరింటెండెంట్ జాన్ డేసీ రాజీనామా చేశారు. ఘోరంగా దెబ్బతిన్న కార్యక్రమమే, కాదనేదేముంది. అయితే ఎన్నికైన బోర్డు ముందు నిలబెట్టి అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇక్కడ 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లినప్పుడు, ఆ పాఠాల సంగతేమిటని పిల్లవాడి తండ్రి ఏలూరు వెళ్లి ఎవరిని అడగాలి? డీఈవో కార్యాలయం ట్యాబ్‌లు తీసుకుని పంచి రసీదులు పంపింది, అంతవరకే దాని బాధ్యత.

ఈలోపు టీచరు ఫోనులో యాప్‌లు పెరిగాయి. అందులో చదువు చెప్పేవి కొన్నే. మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్ల ఫొటో, పిల్లల హాజరు, పుస్తకాల పంపిణీకి వేలిముద్ర. 2022 ఆగస్టులో టీచర్ల ముఖ గుర్తింపు హాజరు వచ్చేసరికి సంఘాలు అడ్డం తిరిగాయి: సొంత ఫోను, సొంత డేటా, పైగా సిగ్నల్ లేక ఆలస్యమైతే గైర్హాజరా? అభ్యంతరం న్యాయమైనదే. కొల్లేటి లంకలో బడి గంట కొట్టే వేళకు టీచరు వరండాలో ఫోను పైకెత్తి పట్టుకుని తిరగడం చూసినవాళ్లకు అది నవ్వులాట కాదని తెలుసు. కోవిడ్ కాలంలో కింది నుంచి పైకి అంకెలు పంపడానికి కట్టిన గొట్టం, కోవిడ్ పోయాక ఇంకా లావైంది. పై నుంచి కిందికి పాఠమో సాయమో దిగే గొట్టం సన్నగానే ఉంది. 2025లో ప్రభుత్వం చాలా యాప్‌లను కలిపి ‘లీప్’ అనే ఒక్క గొడుగు కిందికి తెచ్చింది. లాగిన్‌ల బెడద కొంత తగ్గే పనే అది. నిర్ణయం ఎక్కడ జరగాలన్న ప్రశ్న జోలికి మాత్రం వెళ్లలేదు.

నడిమి మెట్టు కట్టే అవకాశం ఒకటి రాకపోలేదు. 2022లో మండలానికి రెండో ఎంఈవోను నియమించాలని 679 పోస్టులు మంజూరయ్యాయి. కొత్త అధికారికి మండలంలోని పరికరాల, శిక్షణ, డిజిటల్ పాఠాల బాధ్యతను విడిగా అప్పగించి ఉంటే, ఎంఐఎస్ కోఆర్డినేటరును, క్లస్టర్ రిసోర్స్ పర్సన్లను (సీఆర్పీలను) ఆయనకు జతచేసి ఉంటే, కేరళ వరసకు మొదటి ఇటుక పడేది. అలా జరగలేదు, పని మామూలు పర్యవేక్షణగానే పంచుకున్నారు. మరోపక్క, ఈ వ్యవస్థను చేతులతో నడిపే సమగ్ర శిక్షా కాంట్రాక్టు ఉద్యోగులు 2023 డిసెంబరులో జీతాలు, ఉద్యోగ భద్రత కోసం సమ్మెకు దిగి టెంట్ల కింద కూచున్నారు.

మొదటి విడత ట్యాబ్ అందుకున్న ఎనిమిదో తరగతి పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్ష రాసి బడి దాటారు. ఆ ట్యాబ్ చెడితే హెచ్ఎంకి ఇవ్వాలి, అక్కడి నుంచి గ్రామ సచివాలయానికి పోవాలి, వారంలో బాగుచేసో మార్చో ఇవ్వాలి అని పంపిణీనాడు చెప్పిన ఏర్పాటు. ఆ దారిలో కూడా ఎమ్మార్సీ లేదు. అయినా తెర పగిలిన ట్యాబ్ పట్టుకుని తండ్రి నేరుగా వెళ్లేది అక్కడికే, తెలిసిన మనిషి ఉండేది అక్కడే కాబట్టి. ఎంఐఎస్ కోఆర్డినేటరు దాన్ని తిప్పి చూస్తాడు, సీరియల్ నంబరు కాగితం మీద రాసుకుంటాడు, సచివాలయం దారి చెబుతాడు. ఆ ట్యాబ్‌ల వారంటీ మూడేళ్లు.