కాగితం మీద హక్కు: కొల్లేరు చెరువులు, మన్యం భూములు

తమ్మిలేరు ఖమ్మం వైపు కొండల్లో పుట్టి, చింతలపూడి మీదుగా వచ్చి, ఏలూరు దాటి కొల్లేరులో కలుస్తుంది. ఎగువన బుట్టాయగూడెం, జీలుగుమిల్లి భూముల కథ మనకు తెలుసు. దిగువన కొల్లేరు నీళ్ల కథను మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదు. పేదరికం పోవాలంటే పేదకు ఆస్తి ఇవ్వాలంటారు. ఇచ్చిన తర్వాత ఏమైందో ఈ రెండు చోట్లా చూడొచ్చు.

1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేరులో చేపల చెరువులు తవ్వించి సహకార సంఘాలకు అప్పగించింది. ఆ సంఘాలు ప్రధానంగా వడ్డీ కులస్తులవి, దళితులవి. ఆలోచన మంచిదే. కానీ చెరువు చేతికి రాగానే చేప చేతికి రాదు. చేపపిల్ల కొనాలి, నెలల తరబడి మేత వేయాలి, నీరు తోడాలి, పట్టిన చేపను ఐసులో పెట్టి లారీలో కలకత్తా దాకా పంపాలి. ఆ పెట్టుబడి సంఘ సభ్యుల దగ్గర ఎక్కడిది? డబ్బున్నవాళ్లు లీజుకు అడిగారు, సంఘాలు ఇచ్చాయి. ఏటా కొంత సొమ్ము సభ్యులు పంచుకున్నారు, పంట లీజుదారుడిది. సొంత చెరువులోనే వల లాగే కూలీలయ్యారు. దీన్ని సోమరితనమనేవాళ్లు ఒక్క పంటకయ్యే మేత ఖర్చు లెక్కవేసి చూడాలి.

ఆ తర్వాత చెరువులు సరస్సు నడుమకూ పాకాయి. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు పేల్చారు. సరస్సు బతకాలన్నది న్యాయమే. అయితే లీజుదారుడికి బయట వేరే వ్యాపారాలుంటాయి. సభ్యుడికి మాత్రం లీజు సొమ్ము, కూలీ రెండూ ఒక్కసారే పోయాయి.

ఎగువన మన భూమికి చట్టం కాపలా ఉంది. 1917 నాటి ఏజెన్సీ చట్టం, 1959 రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 నాటి 1/70. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని 1/70 ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. కొల్లేరు సంఘాలకు ఇలాంటి బలం లేదు. 1990లలో మనవాళ్లు పోగొట్టుకున్న భూముల కోసం మళ్లీ నిలబడగలిగారంటే ఈ ఒక్క వాక్యం అండ. అయినా అప్పు కింద, బినామీ పేర్ల మీద, నోటిమాట కౌలు మీద భూమి జారిపోతూనే ఉంది. పొగాకు పెట్టుబడి మన దగ్గర లేకపోవడం, చేప మేత వాళ్ల దగ్గర లేకపోవడం ఒకటే జబ్బు.

మరి మైదానంలోని యానాదులు, ఎరుకలు? వాళ్లూ షెడ్యూల్డు తెగలే. కానీ ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు పట్టణాలు షెడ్యూల్డు ప్రాంతం కావు కాబట్టి 1/70 అక్కడికి దిగదు. ఎరుకలనైతే నేరస్థ జాతుల చట్టం వెంటాడింది. కొల్లేరు చెరువు గట్ల మీద కాపలా గుడిసెల్లో యానాది కుటుంబాలున్నాయి. నీళ్లు, గట్టు, చేప ఏవీ వాళ్లవి కావు. చెరువు చేతులు మారితే గుడిసె కూడా మారాల్సిందే.