ఏలియన్ సినిమాల్లో మన చరిత్ర: హార్లెం, జోహన్నెస్‌బర్గ్, మందస



ఇంతవరకు భూమి గురించి, భాష గురించి, స్కాలర్‌షిప్పుల గురించి రాసుకున్నాం. ఈసారి సినిమా గురించి రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. హాస్టల్లో 'డిస్ట్రిక్ట్ 9' అనే ఏలియన్ సినిమా మీద రెండు రాత్రులు వాదించుకున్నాం. "ఆకాశంలోంచి దిగిన పురుగుల కథకీ మందస కొండల మీద సవరలకీ ఏటి సంబంధం?" అని ఒక తమ్ముడు అడిగాడు. వాడికి చెప్పిన జవాబునే ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. 'ఏలియన్' అంటే ఇప్పుడు మనకి పెద్ద తల, పచ్చటి ఒళ్ళు గుర్తొస్తాయి. ఇంగ్లీషు చట్టాల్లో దాని పాత అర్థం పరాయివాడు, ఈ దేశానికి చెందనివాడు అని. అమెరికాలో 1798లోనే ఏలియన్ల మీద చట్టాలు చేసారు. అవి ఓడల్లో వచ్చిన మనుషుల మీద చేసినవి. అంటే ఈ మాట సినిమా కంటే ముందు ఆఫీసు కాయితాల్లో పుట్టింది. ఒక మనిషిని పరాయివాడని ఎవరు నిర్ణయిస్తారు? ఆ నిర్ణయం కాయితం మీద పడ్డాక వాడి బతుకు ఏమవుతుంది? మంచి ఏలియన్ సినిమాలు ఈ రెండు ప్రశ్నలూ అడుగుతాయి.

1984లో జాన్ సేల్స్ అనే అమెరికన్ దర్శకుడు 'ది బ్రదర్ ఫ్రం అనదర్ ప్లానెట్' తీసాడు. ఖర్చు సుమారు మూడున్నర లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. కథలో ఏలియన్ ఒక నల్ల మనిషి. మాట రాదు, కాలికి మూడే వేళ్ళు. తన గ్రహంలో బానిసత్వం నుంచి పారిపోయి న్యూయార్క్‌లో నల్లజాతి వాళ్ళుండే హార్లెం పేటకి చేరతాడు. అక్కడ అతన్ని ఎవరూ వింతగా చూడరు. కష్టంలో ఉన్న ఇంకో నల్లవాడు అనుకుని తిండి పెడతారు, పని చూపిస్తారు. పట్టుకుపోవడానికి వచ్చిన ఇద్దరు ఏలియన్లు మాత్రం తెల్లగా, నల్ల బట్టల్లో ఉంటారు. పెద్ద గ్రాఫిక్స్ లేవు. నల్లవాళ్ళు ఆ దేశంలో ఎన్ని తరాలు బతికినా పరాయివాళ్ళుగానే చూసారన్న నిజం చాలు, కథ నడిచిపోయింది.

ఇక 'డిస్ట్రిక్ట్ 9'. 2009లో వచ్చింది, దర్శకుడు నీల్ బ్లోంకాంప్. బడ్జెట్ సుమారు 3 కోట్ల డాలర్లు. మనకి పెద్ద మొత్తమే గానీ అలాంటి హాలీవుడ్ సినిమాలతో పోలిస్తే తక్కువ. 1982లో ఒక అంతరిక్ష నౌక జోహన్నెస్‌బర్గ్ మీద ఆగిపోతుంది. లోపల ఆకలితో ఉన్న జీవుల్ని దించి ఒక క్యాంపులో పెడతారు. క్యాంపు మురికివాడ అవుతుంది. జనం వాళ్ళకి 'రొయ్యలు' అని పేరు పెడతారు. తర్వాత ఊరికి దూరంగా ఇంకో క్యాంపుకి తరలించాలని గుడిసె గుడిసెకీ తిరిగి సంతకాలు తీసుకుంటారు.

ఈ పేరు వెనక నిజంగా జరిగింది ఒకటుంది. కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటని 1966లో ప్రభుత్వం తెల్లవాళ్ళ ప్రాంతంగా ప్రకటించింది. 60,000 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించి దూరంగా పారేసింది, ఇళ్ళు కూల్చేసింది. సినిమా షూటింగ్ 2008లో సొవెటోలోని చియావెలో అనే చోట జరిగింది. అక్కడి గుడిసెలు చాలావరకు నిజమైనవే. అదే ఏడాది మే నెలలో దక్షిణాఫ్రికాలో బయటి దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళ మీద దాడులు జరిగి 60 మందికి పైగా చనిపోయారు.

మమ్మల్ని ఆపేసిన విషయం వేరే ఉంది. ఈ సినిమాకి ముందు బ్లోంకాంప్ 'అలైవ్ ఇన్ జోబర్గ్' అని ఒక చిన్న సినిమా తీసాడు. అందులో మామూలు జనం ఏలియన్ల గురించి మాట్లాడతారు. వాళ్ళల్లో కొందర్ని అతను అడిగింది ఏలియన్ల గురించి కాదు, జింబాబ్వే, నైజీరియా నుంచి వచ్చినవాళ్ళ గురించి. ఆ జవాబులే తీసుకుని సినిమాలో పెట్టాడు. ఒక్క మాట కూడా మార్చక్కర్లేకపోయింది.

ఇదే పని మనం చేసి చూద్దాం. టెక్కలి బస్సులోనో, పలాస రైల్వే స్టేషన్‌లోనో, క్లాసులోనో మన గురించి విన్న మాటలు గుర్తు చేసుకోండి. "వాళ్ళకి శుభ్రత ఉండదు." "వాళ్ళకి అన్నీ ఫ్రీ కదా." "కొండ మీదోళ్ళకి డిగ్రీ ఎందుకు?" ఇప్పుడు 'వాళ్ళు' అన్నచోట 'ఏలియన్లు' అని పెట్టి చదవండి. డైలాగు సరిగ్గా సరిపోతుంది. తమ్ముడి ప్రశ్నకి మొదటి జవాబు ఇది.

రెండోది గీత సంగతి. సినిమాలో గీత గీసి లోపల పెట్టారు. మన దగ్గర గీత ఇంకోలా పనిచేసింది. టెక్కలి, మందస గంజాం జిల్లాలో ఉన్న కాలంలోనే, 1917లో, గంజాం, విశాఖపట్నం ఏజెన్సీల్లో గిరిజనుల భూమి పరాయిచేతుల్లోకి పోకుండా చట్టం వచ్చింది. తర్వాత 1959 రెగ్యులేషన్, దానికి సవరణగా 1970లో వచ్చిన 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదలాయింపు చెల్లదని ఇది చెప్తుంది. అయితే మందస, మెళియాపుట్టి వైపు షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చని సవర ఊళ్ళున్నాయి. మనిషి ఎస్టీ, ఊరు మాత్రం నాన్ షెడ్యూల్డ్. ఆ ఊళ్ళకి 1/70 రాదు. అక్కడ గీత లోపల బంధించారు, ఇక్కడ గీత బయట వదిలేసారు. రెండుచోట్లా గీత గీసినోడు అక్కడ బతికేవాడు కాదు.

మన కిందనున్న ఉద్దానం తీరంలోనూ ఇలాంటిదే చూసాం. సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు పెట్టాలనుకున్నప్పుడు ఆ భూమిని బంజరు అన్నారు. ఆ బీల నీళ్ళతో పంటలు, చేపలతో బతుకులు నడిచే రైతులు, మత్స్యకారులు ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. మనిషిని రొయ్య అంటే ఖాళీ చేయించడం తేలిక. నేలని బంజరు అన్నా అంతే.

మూడోది భాష. 'డిస్ట్రిక్ట్ 9'లో అధికారి వికస్‌కి ఏలియన్ల భాష అర్థమవుతుంది. దాన్ని సంతకాలు పెట్టించుకోడానికి వాడతాడు. మన పక్కన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు కూడా సవర భాష నేర్చుకున్నారు. ఆయన సవర పిల్లలకి చదువు చెప్పడానికి నేర్చుకున్నారు, 1931లో సవర భాష మీద పుస్తకం అచ్చయింది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటాం, ఆయన సవరకి చేసిన పని ఆ రోజు ఎంతమంది చెప్పుకుంటారు? 1936లో మంగేయ్ గొమాంగో ఏకంగా సొరాంగ్ సొంపెంగ్ లిపినే తయారు చేసారు. ఆయన సవరే. పరాయివాళ్ళంటే మూగవాళ్ళన్న లెక్కకి అది గట్టి జవాబు.

సినిమాని పొగిడి వదిలెయ్యడం కూడా సరికాదు. వివక్షని తప్పు పట్టిన 'డిస్ట్రిక్ట్ 9' నైజీరియా వాళ్ళని గూండాలుగా, ఏలియన్ల మాంసం తినేవాళ్ళుగా చూపించింది. నైజీరియా ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఒకరి బాధ చెప్తూ ఇంకొకర్ని కింద పెట్టడం అక్కడ జరిగింది. ఇంకొకటి, కథ మొత్తం వికస్ చుట్టూ తిరుగుతుంది. అతని ఒంట్లోకి ఏలియన్ల ద్రవం చేరి చెయ్యి మారాకనే ప్రేక్షకుడికి కన్నీళ్ళొస్తాయి. ఏలియన్ బాధ చూడ్డానికి మధ్యలో ఒక మనిషి కావలసి వచ్చాడు.

మన చరిత్ర కూడా చాలావరకు అలాగే రాసారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభకి పోతున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం గురించి రాసిన పుస్తకాల్లో నాయకుల జీవితాలు పేజీలకి పేజీలు ఉంటాయి. ఉండాల్సిందే, వాళ్ళు ప్రాణాలిచ్చారు. కోరన్న, మంగన్న మాత్రం ఎక్కువగా ఒక తేదీ పక్కన రెండు పేర్లుగా మిగిలారు. వాళ్ళు ఏం పండించేవారు, ఎవరికి అప్పున్నారు, ఆ రోజు ఎందుకు బయల్దేరారు అన్న కథ మనమే అడిగి రాయాలి.

తక్కువ డబ్బుతో అవుతుందా అంటే, మన ఊరి పేరు మీదే సినిమా ఉంది. కరుణ కుమార్ తీసిన 'పలాస 1978' 2020 మార్చి 6న వచ్చింది. పెద్ద హీరో లేడు. జానపద కళాకారులైన అన్నదమ్ములు, వాళ్ళ మీద కుల వివక్ష, మన యాస. పలాస జనం నోటి మాటలు తెర మీద వినపడ్డాయి. అది ఊళ్ళో కులం కథ. కొండ కథ ఇంకా మిగిలే ఉంది.

అందుకని ఈ సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక పని చేద్దాం. మీ ఊరు గీత లోపలుందా, బయటుందా కనుక్కోండి. ఆ గీత వల్ల భూమి పోయినవాళ్ళుంటే, మీ తాత చేతో నాయనమ్మ చేతో చెప్పించి, సవరలో అయితే సవరలోనే, ఫోన్‌లో రికార్డు చెయ్యండి. పేర్లు బయట పెట్టొద్దంటే పెట్టకండి. తెచ్చినవన్నీ గ్రూపులో ఒకచోట పెడదాం. సినిమా అవుతుందో లేదో తర్వాత చూద్దాం, ముందు కథ మన దగ్గర ఉండాలి.

జై ఆదివాసీ.