గబ్బిలం: ఆధ్యాత్మిక ప్రతీక

గబ్బిలం హైదరాబాదు పాతబస్తీలో పక్కపక్కనే బతుకుతున్న తెలుగు, ఉర్దూ భాషల సంప్రదాయాలు రెండింటిలోనూ వెలుగుకూ చీకటికీ, చూపుకూ గుడ్డితనానికీ, అశుభానికీ అనుగ్రహానికీ నడుమ ఉన్న సరిహద్దును సూచించే ప్రతీక. పక్షిలా ఎగురుతూ పశువులా పిల్లలను కని పాలివ్వడం, లోకమంతా మేల్కొన్న వేళ తలకిందులుగా వేలాడి నిద్రపోవడం, లోకం నిద్రించే వేళ బయలుదేరడం వంటి లక్షణాల వల్ల అది ఏ వర్గంలోనూ ఇమడని ప్రాణిగా కనిపించింది. అందుకే ఒకే సంప్రదాయంలో దానికి నిందా స్తుతీ రెండూ దక్కాయి. ఆధునిక వ్యక్తిత్వ వికాస సాహిత్యం గబ్బిలాన్ని పునర్జన్మకు గుర్తుగా చెబుతున్నప్పటికీ, ఈ నేల మీద చదివిన పాత గ్రంథాల్లో అది బోధించే పాఠం ముఖ్యంగా చూసేవారి దృష్టికి సంబంధించినది.

పేర్లు

తెలుగులో గబ్బిలం, గబ్బిలాయి అనే రూపాలు వాడుకలో ఉన్నాయి. ఉర్దూలో దీన్ని చమ్‌గాదడ్ అంటారు. పారశీకంలోని షబ్‌పరా అనే పేరుకు రాత్రి ఎగిరేది అని అర్థం కాగా, అరబ్బీలోని ఖుఫ్ఫాష్ అనే పేరు చూపు మందగించడాన్ని తెలిపే ధాతువు నుంచి పుట్టింది. ఈ రెండు పేర్లలో ఒకటి దాని గమనాన్నీ మరొకటి దాని లోపాన్నీ పట్టుకోగా, తరువాతి ప్రతీకలన్నీ దాదాపు ఈ రెండు దారుల్లోనే సాగాయి.

ఇస్లామీయ, పారశీక సంప్రదాయాలు

1591లో చార్మినారును కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా వంశం షియా శాఖకు చెందినది. ఆయన కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా నేటికీ మొహర్రం సంతాప సభలకు నెలవుగా ఉంది. షియాలు అత్యంత గౌరవంతో చదివే నహ్జుల్ బలాగా అనే గ్రంథం ఇమామ్ అలీ ప్రవచనాల సంకలనం. షరీఫ్ రజీ సుమారు 1010లో కూర్చిన ఈ గ్రంథంలోని ఒక ప్రవచనం గబ్బిలం సృష్టినే వస్తువుగా తీసుకుంది. అన్ని ప్రాణులనూ వికసింపజేసే వెలుగు దీన్ని ముడుచుకుపోయేట్టు చేయడం, అన్నింటినీ ముడిచే చీకటి దీనికి దారి తెరవడం, ఈకలు లేని చర్మమే చెవి డొప్పలాంటి రెక్కగా మారడం, ఎగిరే తల్లిని పిల్ల విడవకుండా అంటిపెట్టుకోవడం వంటి విశేషాలను అది సృష్టికర్త నైపుణ్యానికి నిదర్శనాలుగా చూపుతుంది. ఇక్కడ గబ్బిలం లోపమున్న ప్రాణి కాదు, మనిషి బుద్ధికి హద్దు చూపే అద్భుతం.

ఈ గౌరవం మరో కథనంలోనూ కనిపిస్తుంది. ఈసా ప్రవక్త, అంటే క్రైస్తవుల యేసు, మట్టితో పక్షి రూపం చేసి ఊపిరి ఊదగా దైవాజ్ఞతో అది ప్రాణం పోసుకుందని ఖురాను చెబుతుంది. ఆ పక్షి పేరు అందులో లేకపోయినా, అది గబ్బిలమేనని పలువురు వ్యాఖ్యాతలు రాశారు. ఈకలు లేకుండా ఎగిరేదీ, పళ్ళు ఉన్నదీ, పిల్లలకు పాలిచ్చేదీ కావడం వల్ల సృష్టిలో దానికన్నా విచిత్రమైన పక్షి లేదన్నది వారి తర్కం.

సూఫీ, నీతి సాహిత్యాల్లో మాత్రం గబ్బిలం నిందకు గురైంది. హైదరాబాదు రాజ్యంలో 19వ శతాబ్దం చివరి వరకు పారశీకం పరిపాలన భాషగా ఉండటం వల్ల చదువుకున్నవారికి పారశీక కవి సాదీ 1258లో రాసిన గులిస్తాన్ పరిచితమే. గబ్బిలం కళ్ళున్నవాడు పగటిపూట చూడలేకపోతే తప్పు సూర్యుడిది కాదని అసూయాపరులను ఉద్దేశించి ఆ గ్రంథం వాదిస్తుంది. 1191లో మరణించిన తత్త్వవేత్త సుహ్రవర్దీ చీమల భాష అనే అర్థం గల పేరుతో రాసిన పుస్తకంలో గబ్బిలాలు తమ శత్రువైన ఊసరవెల్లిని చంపాలనుకుని, తమకు తెలిసిన శిక్షల్లోకెల్లా ఘోరమైనదని దాన్ని ఎండలో పడేస్తాయి. ఊసరవెల్లి ఆశించిందీ ఆ ఎండనే. ఒకరికి మరణమనిపించేది సాధకుడికి ముక్తి కావచ్చునని ఈ కథ సారాంశం.

భారతీయ తపస్సు, తలకిందుల భంగిమ

భారతీయ గ్రంథాల్లో గబ్బిలంకన్నా దాని భంగిమకు ప్రాధాన్యం ఎక్కువ. మహాభారతం ఆదిపర్వంలో గరుత్మంతుడు విరిచిన చెట్టుకొమ్మకు వాలఖిల్యులు అనే అతి చిన్న దేహాలు గల మునులు తలకిందులుగా వేలాడుతూ తపస్సు చేస్తుంటారు. పాలీ జాతక కథల్లో వగ్గులి వ్రతం, అంటే గబ్బిలంలా వేలాడే వ్రతం ప్రస్తావనకు వస్తుంది గాని, ముళ్ళ మీద పడుకోవడం వంటి వాటితో కలిపి దాన్ని ఫలితం లేని కాయక్లేశంగానే లెక్కించారు. సకల ప్రాణులకూ రాత్రి అయినది సంయమికి మెలకువ వేళ అని చెప్పే భగవద్గీత రెండో అధ్యాయం రాత్రి మేల్కొనడానికి లోపలి అర్థాన్ని ఇచ్చింది. గబ్బిలం పేరు అందులో రాకపోయినా, దేహం తిరగబడటంకన్నా దృష్టి తిరగబడటమే సాధన అన్న భావానికి ఈ మాట దగ్గరగా ఉంది.

జాషువా గబ్బిలం

తెలుగులో ఈ ప్రతీకను సమూలంగా మార్చిన రచన గుర్రం జాషువా (1895–1971) 1941లో వెలువరించిన గబ్బిలం కావ్యం. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపినట్టే, ఇందులో తంజావూరు ప్రాంతపు దళితుడొకడు కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో తన గోడు చెప్పి పంపుతాడు. ఇంట్లోకి వస్తే కీడని జనం నమ్మే ప్రాణి అతడి గుడిసెలోకి వచ్చి, రెక్కల గాలికి ఆముదపు దీపాన్ని ఆర్పేస్తుంది. అయినా అతడు దాన్ని తరమకుండా మాట కలుపుతాడు. గుడి గడప దాటే హక్కు తనకు లేదు, గర్భగుడి కప్పుకు వేలాడే గబ్బిలానికి అడ్డు చెప్పేవారు లేరు. ఈ వైరుధ్యాన్ని బయటపెట్టడం ద్వారా అశుభం గబ్బిలంలో లేదని, మనిషిని దూరం పెట్టిన వ్యవస్థలో ఉందని కావ్యం నిరూపిస్తుంది. ఆధ్యాత్మిక ప్రతీక సామాజిక న్యాయ ప్రతీకగా మారిన అరుదైన సందర్భం ఇది.

ఆధునిక వ్యాఖ్యానాలు

చైనాలో గబ్బిలాన్నీ భాగ్యాన్నీ సూచించే పదాల ఉచ్చారణ ఒకటే కావడంతో అయిదు గబ్బిలాల బొమ్మ అయిదు భాగ్యాలకు గుర్తయింది. జేమీ శామ్స్, డేవిడ్ కార్సన్ 1988లో అమెరికాలో ప్రచురించిన మెడిసిన్ కార్డ్స్ అనే పుస్తకం పాత అలవాట్లు చచ్చి కొత్త మనిషి పుట్టడానికి దీన్ని సంకేతంగా చెప్పింది. నేటి వ్యక్తిత్వ వికాస రచనల్లో కనిపించే వివరణలు ఎక్కువగా ఈ కోవకు చెందినవే గాని పాతబస్తీ సంప్రదాయాల నుంచి వచ్చినవి కావు.

ప్రతీక, వాస్తవం

గబ్బిలం గుడ్డిదన్న నమ్మకం నిజం కాదు. మర్రి, రావి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు పెద్ద కళ్ళతో చూసి, వాసన పట్టి ఆహారం వెతుక్కుంటాయి. గోల్కొండ వంటి పాత కట్టడాల చీకటి గదుల్లో చేరే చిన్న జాతుల్లో చాలావరకు తమ అరుపుల ప్రతిధ్వనిని విని దారి తెలుసుకుంటాయి. ఈ పద్ధతికి శాస్త్రవేత్త డోనాల్డ్ గ్రిఫిన్ 1944లో ఎకోలొకేషన్ అని పేరు పెట్టాడు. విత్తనాలను వెదజల్లి, బూరుగ వంటి చెట్ల పూలకు పరాగసంపర్కం చేసి అడవికి మేలు చేసే పండ్ల గబ్బిలాలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుకలతో పాటు హానికర జంతువుల జాబితాలో ఉంచగా, 2022 సవరణ ఆ జాబితానే తొలగించింది.