గుగ్గులు: ధూపపాత్ర నుండి పరిశోధనశాల వరకు



షోడశోపచారములలో గంధపుష్పముల తరువాత స్వామికి సమర్పించునది ధూపము. ధూపమంత్రము ఆ ధూపమును వనస్పతి నుండి పుట్టినదిగా చెప్పుచున్నది. నిప్పులపై ద్రవ్యమును చల్లి, లేచిన పొగను భక్తితో కన్నుల కద్దుకొందుమే గాని, ఆ వనస్పతి ఏది, ఎచ్చట పెరుగుచున్నది, నేడు ఏ స్థితిలో ఉన్నది అని మనము సాధారణముగా ఆలోచింపము. ధూపద్రవ్యములలో అతి ప్రాచీనమైన గుగ్గులు చరిత్రను కొంత తెలిసికొందము.

గుగ్గులు ముళ్లతో కూడిన పొట్టి చెట్టు. గుజరాత్‌లోని కచ్, సౌరాష్ట్ర ప్రాంతములలోను, రాజస్థాన్ మెట్టభూములలోను, సరిహద్దు కావల సింధు, బలూచిస్తాన్ సీమలలోను రాతినేలపై పెరుగును. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని కామిఫోరా వైటై అందురు. బెరడుకు గాయమైనపుడు ఆ గాయమును మూయుటకై చెట్టు ఒక చిక్కని రసమును స్రవించును. అది గాలికి గట్టిపడి గుగ్గులగును. ఇందులో నీట కరుగు బంకయు, నీట కరుగని రెసిన్‌యు, సువాసననిచ్చు తైలమును కలిసియున్నవి. మనకు సుగంధమైనది ఆ చెట్టు తన పుండుకు కట్టుకొన్న కట్టు అన్నమాట.

భావప్రకాశము గుగ్గులును ఐదు విధములుగా చెప్పి, అందొకదానిని మహిషాక్షమనినది. మన తెలుగునాట మహిసాక్షి అనునది ఆ మాటయే. అంగళ్లలో గుగ్గిలమను పేరుతో అమ్ముడగునదంతయు ఇది కాదు. సాలవృక్షపు రెసిన్ సైతము ఆ పేరుతోనే చలామణి అగుచున్నది.

గుగ్గులు పరిమళము సోకినవానిని రోగము విడిచిపోవునని అథర్వవేదము చెప్పినది. సుశ్రుతసంహిత దీనిని మేదోరోగమునకు, అనగా శరీరమున కొవ్వు పేరుకొను వ్యాధికి, ఔషధముగా పేర్కొన్నది. వైద్యులు దీనిని త్రిఫలాకషాయము వంటి వాటిలో శోధించి, పిదప యోగరాజగుగ్గులు మొదలగు మందులను చేయుదురు.

ఈ సుశ్రుతవచనమే ఆధునిక పరిశోధనకు బీజమైనది. కాశీ హిందూ విశ్వవిద్యాలయములో జి.వి. సత్యవతి గారు మేదోరోగ లక్షణములను, రక్తనాళములలో కొవ్వు చేరు నేటి వ్యాధితో పోల్చి చూచిరి. కుందేళ్లకు కొవ్వుగల ఆహారమునిచ్చి, గుగ్గులు ప్రభావమును పరీక్షించి, 1966లో తమ సిద్ధాంతగ్రంథమును సమర్పించిరి. గుగ్గులు కుందేళ్ల రక్తములోని కొలెస్టరాల్‌ను తగ్గించినది. ఈ విదుషీమణియే తరువాత భారత వైద్య పరిశోధన మండలికి అధిపతియైరి.

1972లో రసాయనశాస్త్రవేత్త సుఖ్‌దేవ్ గారు, వారి సహచరులు గుగ్గులులోని స్టీరాయిడ్ పదార్థములను వివరించిరి. వాటిలో ముఖ్యమైనవి గుగ్గుల్‌స్టెరోన్‌లు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ గుగ్గులు సారమును గుగ్గులిపిడ్ అను మందుగా రూపొందించినది. 1989లో ప్రకటింపబడిన బహుకేంద్ర పరీక్షలో 125 మందికి ఈ మందును, 108 మందికి క్లోఫైబ్రేట్‌ను ఇచ్చి చూడగా, గుగ్గులిపిడ్ వాడినవారిలో కొలెస్టరాల్ సగటున 11 శాతము తగ్గినది.

2002లో అమెరికా శాస్త్రజ్ఞులు గుగ్గుల్‌స్టెరోన్ కణములలోని ఒక గ్రాహకమును అడ్డగించి పనిచేయునని కనుగొనిరి. ప్రాచీనవాక్యము సంపూర్ణముగా రుజువైనదని అనేకులు సంతసించిరి. కాని 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము వారు 103 మందిపై 8 వారములు జరిపిన పరీక్షలో, మందు లేని మాత్రలు వాడినవారికి చెడు కొలెస్టరాల్ 5 శాతము తగ్గగా, గుగ్గులిపిడ్ వాడినవారికి 4 నుండి 5 శాతము పెరిగినది. కొందరికి చర్మముపై దద్దురులు కూడ వచ్చినవి. ఆహారపుటలవాట్లలోని భేదము ఇందుకు ఒక కారణము కావచ్చునని చెప్పినవారు కలరు.

దీని వలన మన గ్రంథములు అసత్యములని తలంపనక్కరలేదు. ఒక పరీక్ష అనుకూలముగా వచ్చినంతనే విజయభేరి మ్రోగించుటయు, వేరొకటి ప్రతికూలమైనంతనే దానిని దాచుటయు, రెండును శాస్త్రమునకు సేవ కావు. సుశ్రుతుడు కూడ చూచి, చేసి, పరీక్షించి నేర్చుకొనుమని శిష్యులకు శవపరిశీలనను సైతము విధించినవాడే. కనుక కొలెస్టరాల్‌కు మందులు వాడుచున్నవారు, ఈ వ్యాసమును చదివి వాటిని మాని గుగ్గులును స్వీకరింపరాదు. వైద్యుని అనుమతియే ప్రమాణము.

ఇక అన్నిటికంటె గంభీరమైన విషయము చెట్టు సంగతి. గుగ్గులు మెల్లగా పెరుగు మొక్క. గాట్లు పెట్టుటకు తగినంత ఎదుగుటకే ఎన్నో ఏండ్లు పట్టును. ఎక్కువ రసము రావలెనని లోతుగా గాట్లు పెట్టి, వాటిపై మందుపూతలు పూసినచో ఒక్కసారి రసము మిక్కుటముగా వచ్చును గాని, తరువాత చెట్టు ఎండి చచ్చిపోవును. మందులకును, ధూపమునకును గిరాకి పెరిగిన కొలది ఈ పద్ధతి ప్రబలినది. 2015లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘము వారి ఎర్రజాబితాలో ఈ మొక్క తీవ్రముగా అంతరించు ప్రమాదమున్న జాతిగా నమోదైనది.

వనస్పతి నుండి పుట్టిన ధూపమని మంత్రము చెప్పుచు, ఆ వనస్పతి నశించుటకు మనమే కారకులమైనచో ఆ ఉపచారము ఎట్లు పూర్ణమగును? గృహస్థులు ధూపమును మితముగా వాడుకొనవచ్చును. చిటికెడు ద్రవ్యము చాలును, గది నిండ పొగ అక్కరలేదు. కొమ్మలను నాటి ఈ మొక్కను పెంచవచ్చును గనుక, అనుకూలమైన మెట్టభూములు గలవారు, ధర్మసంస్థలవారు దీనిని నాటి కాపాడవచ్చును. కొనునపుడు సరుకు ఎచ్చటి నుండి వచ్చినదని అడుగుటయు ఒక సేవయే.

పూర్వులు మనకు గుగ్గులును ఇచ్చిరి. పరిశోధకులు దాని గుణములను, పరిమితులను తెలిపిరి. చెట్టును మన పిల్లలకు మిగిల్చి ఇచ్చుట మన వంతు అని వినయముగా మనవి చేయుచున్నాము.

స్వస్తి.