నవజాత శిశువులకు రక్షణగా బ్యాక్టీరియా: ఒడిశా ప్రయోగం తేల్చినదేమిటి?

పుట్టిన తొలి వారాలలో శిశువు వ్యాధినిరోధక వ్యవస్థ పరిణతి చెంది ఉండదు. హానికర సూక్ష్మజీవులు రక్తంలో చేరితే అది ప్రాణాంతకమైన సెప్సిస్‌కు దారితీయవచ్చు. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతున్నందున, వ్యాధిని ముందే నివారించే మార్గాలపై పరిశోధకులు దృష్టి సారించారు. వాటిలో మేలు చేసే బ్యాక్టీరియాను శిశువు పేగులలో ముందుగానే స్థిరపరచడం ఒకటి.

ఈ ఆలోచనను ఒడిశాలోని 149 గ్రామాలలో పరీక్షించారు. డాక్టర్ పినాకి పాణిగ్రాహి నేతృత్వంలోని ఈ అధ్యయన ఫలితాలు 2017 ఆగస్టులో ‘నేచర్’ పత్రికలో వెలువడ్డాయి. కనీసం రెండు కిలోల బరువుతో, ఆరోగ్యంగా పుట్టి, తల్లిపాలు తాగుతున్న 4,556 మంది శిశువులను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ బ్యాక్టీరియాను, దానికి ఆహారమయ్యే ఒక రకం చక్కెరతో కలిపి ఏడు రోజులు నోటి ద్వారా ఇచ్చారు. రెండో వర్గానికి ఔషధ గుణం లేని పొడి ఇచ్చారు. అందరినీ 60 రోజులు గమనించారు.

సెప్సిస్ లేదా మరణం సంభవించిన శిశువులు రెండో వర్గంలో 9 శాతం ఉండగా, బ్యాక్టీరియా పొందిన వర్గంలో 5.4 శాతమే. అయితే రెండు వర్గాలలోనూ మరణాలు బహు స్వల్పం. తగ్గుదల ప్రధానంగా సెప్సిస్‌లోనే కనిపించింది. శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు కూడా తగ్గడం విశేషం. పేగులలో చేరిన బ్యాక్టీరియా ఊపిరితిత్తులకు సైతం మేలు చేసిందంటే, అది కేవలం హానికర జీవులకు చోటు లేకుండా చేయడంతో ఆగక, వ్యాధినిరోధక కణాలను కూడా ప్రేరేపించి ఉండవచ్చునని భావిస్తున్నారు.

ఈ ఫలితాన్ని అన్ని ప్రొబయోటిక్‌లకూ వర్తింపజేయడం పొరపాటు. బ్రిటన్‌లో నెలలు నిండకుండా పుట్టిన 1,315 మందికి సంబంధించిన పరీక్షలో, బైఫిడోబాక్టీరియమ్ బ్రెవె అనే మరో బ్యాక్టీరియా వల్ల ప్రయోజనం కనిపించలేదు. బ్యాక్టీరియా రకం మారినా, శిశువుల స్థితి మారినా ఫలితం మారుతుంది. అంతేకాదు, నెలలు నిండని శిశువులలో ప్రొబయోటిక్ బ్యాక్టీరియాయే రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది. అలాంటి ఒక శిశువు మరణించడంతో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2023లో వైద్యులకు హెచ్చరిక జారీ చేసింది.

ఇంటి పెరుగులోనూ మేలు చేసే బ్యాక్టీరియా ఉన్నమాట నిజమే. కానీ ఒడిశాలో వాడినది ఎంపిక చేసిన ఒకే రకం, నిర్ణీత మోతాదు. పెరుగును గానీ, దుకాణాలలో దొరికే ప్రొబయోటిక్ పొడులను గానీ దానికి ప్రత్యామ్నాయంగా భావించి నవజాత శిశువులకు పట్టరాదు.