బరువు మోయు దేహము – బొరెల్లి లెక్క

పార్సిలు ఆఫీసులో తూకపు చీటీలు వ్రాయుట మా నిత్యకృత్యము. మూట ఎంత బరువున్నదో చీటీ మీద వ్రాయుదుము. దానిని ఎత్తిన హమాలీ దేహము ఎంత శ్రమకు లోనైనదో వ్రాయుటకు అందులో గడి లేదు. ఆ రెండవ లెక్కకు పునాది వేసిన ఒక పండితుని కథను ఈ ఉగాదినాడు సోదరీ సోదరులకు విన్నవించుచున్నాము.

జియోవాన్ని అల్ఫాన్సో బొరెల్లి 1608లో ఇటలీలోని నేపుల్సు నగరమున జన్మించెను. గెలీలియో ప్రకృతిని గణితముతో చదివిన మార్గమును ఈయన దేహమునకు అన్వయించెను. ఎముక గడ్డపారవంటి మీట, కీలు దాని ఆనిక, కండరము దానిని లాగు త్రాడు అని తలచెను. కండరములు కొద్ది బలముతో పెద్ద బరువులను కదలించునని పూర్వులు నమ్మిరి. బొరెల్లి లెక్క దీనికి పూర్తిగా ఎదురు వచ్చెను.

మోచేతిని చూడుడు. ముంజేతిని పైకి లాగు కండరము కీలుకు 4, 5 సెంటీమీటర్ల దూరముననే అతుక్కొని యున్నది. అరచేయి సుమారు 35 సెంటీమీటర్ల దూరమున నున్నది. ముంజేయి అడ్డముగా నున్నప్పుడు అరచేతిలో 5 కిలోల బరువు నిలుపవలెనన్న, కండరము ఇంచుమించు 40 కిలోల బరువుకు సమానమైన బలముతో లాగవలెను. బలములో నష్టము, వేగములో లాభము. కండరము కొంచెము కుంచించుకొన్న చాలు, చేయి చాల దూరము కదలును.

బొరెల్లి రోములో బీదతనముతో కడపటి దినములు గడపి 1679 డిసెంబరు 31న కన్నుమూసెను. జంతువుల చలనమును గూర్చిన ఆయన గ్రంథము 1680, 1681లలో అచ్చయ్యెను. ఆయన దానిని చూడలేదు. తరువాత 1890 దశకమున జర్మనీలోని లైప్జిగ్‌లో బ్రౌనె, ఫిషర్ అనువారు నడచు మనిషిని ఫోటోలు తీసి, అతని చలనమును అంగుళమంగుళము గణించిరి. నెలలు పట్టిన ఆ లెక్కలను నేడు కంప్యూటరు త్వరగా వేయుచున్నది.

మా ఆఫీసు హమాలీ ఒకాయన నడుము పట్టి పని మానినప్పుడు, “వయసు మీరినది” అని మేమే అంటిమి. అది మా తప్పు. నడుమును నిలబెట్టు కండరములు కూడ వెన్నెముకకు కొద్ది దూరముననే యున్నవి. మూట ఒంటికి ఎంత దూరమైన, వాటి మీద భారము అంత హెచ్చును. కనుక మోకాళ్లు వంచి, మూటను ఒంటికి హత్తుకొని ఎత్తవలెను. రెండవవాని చేయి సాయము కోరుట చిన్నతనము కాదు.

మన పెద్దలలో అనేకులు మూటలు మోసియే ఈ ఊళ్లలో మనకు నీడ కల్పించిరి. చీటీకెక్కని ఆ బరువును మనము మరువరాదు.