ఎవరి సముద్రమట్టం?

రైన్ నదికి ఈ ఒడ్డున జర్మనీ, ఆ ఒడ్డున స్విట్జర్లాండ్. రెండు ఒడ్ల మీదా ఉన్న ఊరి పేరు మాత్రం ఒక్కటే, లౌఫెన్‌బుర్గ్. 2003లో అక్కడ కొత్త వంతెన కడుతుండగా రెండు వైపుల ఎత్తుల మధ్య 54 సెంటీమీటర్ల తేడా బయటపడింది. కొలిచినవాళ్లెవరూ తప్పు కొలవలేదు. జర్మనీ ఎత్తులకు మూలం ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి ఉత్తర సముద్రపు మట్టం. సొంత సముద్రమే లేని స్విట్జర్లాండ్ ఎత్తులకు మూలం మార్సెయ్ దగ్గరి మధ్యధరా సముద్రం. ఈ రెండు మట్టాలకూ 27 సెంటీమీటర్ల తేడా ఉందని ఇంజనీర్లకు ముందే తెలుసు. దాన్ని సరిచేసేటప్పుడు కూడికకూ తీసివేతకూ మధ్య గుర్తు తారుమారైంది. పోవాల్సిన తేడా రెట్టింపైంది.

వంతెన కాబట్టి తప్పు కంటికి కనిపించింది, దిద్దుకున్నారు. రెండు దేశాల పటాలను ఒక కంప్యూటర్ తెరమీద కలిపినప్పుడు ఇలాంటి తప్పు దొర్లితే ఎవరికీ కనిపించదు. ఆ పటాన్ని నమ్మి వరద అంచనా వేస్తారు, ఊళ్లు ఖాళీ చేయించాలా వద్దా అని నిర్ణయిస్తారు. 2002 ఆగస్టులో చెక్ దేశంలో లాబె పేరుతో పొంగిన నీరే సరిహద్దు దాటి ఎల్బె అయింది. జర్మనీలోని డ్రెస్డెన్ దగ్గర 9.40 మీటర్ల మట్టానికి చేరింది. నీటికి సరిహద్దు లేదు. సమాచారానికి ఉంది.

మన దగ్గర ఆంధ్రలో ఎకరమంటే 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. గుంటకు రెండున్నర సెంట్లని నోటిలెక్కతో తేల్చేస్తాం, ఎందుకంటే రెండు చోట్లా ఎకరం ఒక్కటే. యూరప్‌కు అలాంటి ఉమ్మడి ఎకరమే లేకపోయింది. దాన్ని తయారుచేసే పనికి పెట్టిన పేరు ఇన్‌స్పైర్. 2004లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదన పెట్టింది. 2007 మే 15న అది చట్టంగా అమల్లోకి వచ్చింది. సాంకేతిక పనికి ఉత్తర ఇటలీలోని ఇస్ప్రాలో ఉన్న యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం సారథ్యం వహించింది. చిరునామాలు, భూమి కమతాలు, రోడ్లు, నదులు, నేలలు ఇలా మొత్తం 34 అంశాలు దాని పరిధిలోకి వచ్చాయి.

నాకు ఈ చట్టంలో అన్నిటికన్నా నచ్చినది, అది ఎవరినీ కొత్తగా సర్వే చేయమనకపోవడం. మీ దగ్గరున్నది మీ పద్ధతిలోనే ఉంచుకోండి, ఇచ్చిపుచ్చుకునేటప్పుడు మాత్రం అందరూ ఒప్పుకున్న రూపంలో ఇవ్వండి అంది. భూమ్మీద ఎత్తులకు ఉమ్మడి యూరోపియన్ మట్టాన్ని ఎంచుకున్నారు, దాని సున్నా ఆమ్‌స్టర్‌డామ్ మట్టానికి కట్టి ఉంది. అక్షాంశ రేఖాంశాలకు యూరేషియా ఫలకంతో పాటే కదిలే చట్రాన్ని తీసుకున్నారు. ఆ ఫలకం ఏడాదికి సుమారు రెండున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. చట్రం కూడా జరగకపోతే నిన్నటి పొలం గట్టు రేపటి పటంలో పక్కకు తప్పుకుంటుంది.

అంకెల చిక్కు అలా వీడింది. అసలు చిక్కు మాటలది. ఏది అడవి? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలో చెట్ల నీడ 10 శాతం దాటిన నేల అడవి. బ్రిటన్‌లో 20 శాతం ఉండాలి. మధ్యలో ఉన్న చెట్లు ఒక పట్టికలో అడవి, మరో పట్టికలో కాదు. ఇక నది అంటే ఏమిటి? పటం గీసేవాడికి అది రెండు గట్ల మధ్య పరుచుకున్న నీరు. కాలుష్యం ఎటు పోతుందో చూసేవాడికి అది పాయలు కలిసే గీతల వల. ఆ ఉమ్మడి రూపానికి నమూనా రాసినవాళ్లు ఇద్దరిలో ఎవరినీ కాదనలేదు. ఒకే నదికి రెండు రూపాలూ పెట్టారు. ఒక దేశపు గీత ఆగిన చోటే పొరుగు దేశపు గీత అందుకునేలా సరిహద్దు బిందువులకు ప్రత్యేకంగా చోటిచ్చారు.

పేర్ల విషయంలోనూ అంతే. జర్మనీ, ఆస్ట్రియాల్లో డోనౌ, స్లొవేకియాలో డునాయ్, హంగరీలో డునా, సెర్బియా, బల్గేరియాల్లో డునావ్, రుమేనియాలో డునారియా. ఒక్క పేరును పైకెత్తి మిగతావాటిని తొక్కేయలేదు. ప్రతి పేరు పక్కనా అది ఏ భాషది, ఏ లిపిలో ఉంది, అక్కడివాళ్లు పిలుచుకునేదా, బయటివాళ్లు పెట్టిందా అన్నది రాసుకునే గళ్లు పెట్టారు. పేర్లు ఎన్నున్నా ఆ నమోదుకు మాత్రం మారని గుర్తింపు సంకేతం ఉంటుంది.

వీటన్నిటిలో చిన్నదిగా కనిపించే పని నాకు చాలా గొప్పదనిపిస్తుంది. గడిని ఖాళీగా వదిలేయొచ్చు, కానీ ఎందుకు ఖాళీయో చెప్పడానికీ చోటు పెట్టారు. మాకు తెలియదు, తెలుసుకునే వీలూ లేదు అనేది ఒక కారణం. ఆ వివరం ఉండి ఉండొచ్చు గానీ మా పట్టికలో ఆ గడే లేదు అనేది రెండోది. తెలుసు, బయటపెట్టం అనేది మూడోది. వంతెన వెడల్పు గడి ఖాళీగా ఉంటే సున్నా అనుకోవాలా, వంతెనే లేదనుకోవాలా? ప్రభుత్వ పట్టికల్లో ఆ ఖాళీలతో కుస్తీ పట్టిన ఎవరికైనా ఈ మూడు ముక్కల విలువ తెలుస్తుంది.

పని నెమ్మదిగానే సాగింది. వివరాలను నమూనాలోకి మార్చడానికి పెట్టిన చివరి గడువు 2020 అక్టోబరు దాకా వెళ్లింది, అప్పటికీ అన్ని దేశాలూ పూర్తి చేయలేకపోయాయి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి ఆ చట్టం దాన్ని కట్టడి చేయదు. అయినా ఉమ్మడి ఎత్తులను తేల్చడానికి దేశదేశాల మట్టపు కొలతలను కలిపి లెక్కగట్టినప్పుడు, అందులో జర్మనీ గీతల పక్కనే స్విట్జర్లాండ్ గీతలూ ఉన్నాయి.